గొర్రు తోలినాక

2025 డిసెంబరు 14, ఆదివారం. నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగేసరికి పదయింది. శిరివెళ్ళ దాటినాక రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, అందులో పూత మీదున్న పప్పుశనగ. తూర్పున నల్లమల మీద మంచు ఇంకా విడలేదు. నేను పాతికేళ్ళుగా నంద్యాలలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. మా మేనమామకు ఆళ్ళగడ్డ దగ్గర పన్నెండెకరాల రేగడి, కేసీ కాలువ కింద రెండెకరాల మాగాణి. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా సేద్యం వదల్లేదు. మేమిద్దరం కలిస్తే వాదులాటే. దేశం తలుపులు తెరుచుకోవాలంటాను నేను, మూసుకోవాలంటాడు ఆయన. ముప్పై ఏళ్ళుగా ఇదే పంచాయితీ. ఆ రోజు మాత్రం ఆయన అడిగిన దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే రాత్రి ఇంటికొచ్చి, గుర్తున్నంత మేరకు రాసిపెట్టుకున్నాను. ఆ పొద్దున మామ ఇంటి పక్క వీధిలో శిల్పుల షెడ్ల నుంచి ఉలి చప్పుడు వస్తూనే ఉంది. అత్త బొరుగులు, మిరపకాయ బజ్జీలు తెచ్చి అరుగు మీద పెట్టింది.

మామ: ఏమప్పా లెక్చరరు, డాలరు తొంభై దాటెనంట. మీ పుస్తకంలో దీన్ని మంచిదంటారా, చెడ్డదంటారా?

నేను: ఎవరికి అని అడగాలి మామా. డల్లాస్‌లో ఉన్న మన పిల్ల వెయ్యి డాలర్లు పంపితే నిరుడు డిసెంబరులో ఎనభై అయిదు వేలు, ఇప్పుడు తొంభై వేలు. ఆ లెక్కన నీకు మంచిదే. అదే డాలరు పెట్టి ముడిచమురు, వంటనూనె, ఎరువు కొనుక్కునే దేశానికి భారం.

మామ: నాకేం భారం కనపల్యా. డీఏపీ బస్తా నిరుడూ 1,350, ఈయేడూ 1,350.

నేను: అది నువ్వు కట్టేది. దాని వెనక ఢిల్లీ కట్టేది వేరే ఉంది. మనకు ఫాస్ఫేటు గనులు అంతంతమాత్రం. సౌదీ నుంచి, మొరాకో నుంచి, చైనా నుంచి రావాలి. చైనా ఎగుమతులు బిగించేసరికి ఇక్కడ కటకట మొదలైంది. అందుకే మొన్న జులైలో మన కంపెనీలు సౌదీ మాడెన్‌తో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి ఐదేళ్ళ ఒప్పందం చేసుకున్నాయి. ధరలు ఎటుపోయినా సరుకు ఆగకూడదని.

మామ: ఆ మాట ఇంగోసారి చెప్పు. సౌదీవానికి ఎన్నేండ్ల మాట ఇచ్చినారు?

నేను: ఐదేళ్ళు. ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు.

మామ: శనగ పంట మూణ్ణెల్ల పది దినాలు. నాకా మూణ్ణెల్లకు మాట ఇచ్చినోడు ఒకడు లేడు.

నేను: మద్దతు ధర ఉంది కదా మామా. పోయిన పంటకు క్వింటాలు 5,650, ఈ పంటకు 5,875. విత్తకముందే చెప్పారు.

మామ: చెప్పినారు. కొనేదెంత? పండినదాంట్లో నాలుగో వంతు. మిగతా మూడు వంతులు యార్డులో ఎంత పలికితే అంత. యార్డులో పలికేది యాడ తేలుతుంది? ఆస్ట్రేలియాలో ఎంత పండె, రష్యాలో బఠాణీ ఎంతకిస్తాండారు, ఢిల్లీలో సుంకం ఎంత. ఇవి మూడూ నా చేతిలో లేవు. మొదటి రెండూ ఎవరి చేతిలోనూ లేవనుకుందాం. మూడోది మనోళ్ళ చేతిలోదే గదా?

ఈ బఠాణీ సంగతి తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి. పసుపు బఠాణీ మన సీమ పొలాల పంట కాదు. కెనడా, రష్యా చల్లటి మైదానాల్లో లక్షల టన్నులు పండుతుంది. శనగ కంటే చౌక. మరపట్టిస్తే శనగపిండికి బదులు నడుస్తుంది, మిక్చరు వాళ్ళూ బజ్జీల బండ్ల వాళ్ళూ అదే కలుపుతారు. కాబట్టి ఓడలో బఠాణీ దిగితే నంద్యాల గోదాములో శనగ కదలదు. 2017 నవంబరులో మన ప్రభుత్వం దాని మీద 50 శాతం సుంకం వేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళు అది దాదాపు రాలేదు. 2023 డిసెంబరులో సుంకం మొత్తం ఎత్తేసింది.

మామ: ఆ తేదీ గుర్తుందా నీకు? డిసెంబరు 8. అక్టోబరులో పదును చూసుకోని గొర్రు తోలినాం. డిసెంబరుకు పూత. అప్పుడు తలుపు తెరిసినారు. ముందే చెప్పింటే నాలుగెకరాలు జొన్నేసుకునేవాణ్ణి. భూమిలో పడిన విత్తనం ఏరుకునేది యాడైనా ఉందా?

నేను: కరువొచ్చింది మామా ఆ ఏడు. ఎల్‌నినో. కంది, శనగ దిగుబడి పడిపోతుందని తెలిసిపోయింది. 2015లో ఏమైంది, మర్చిపోయావా? కందిపప్పు కిలో రెండువందలకు ఎక్కింది. నీ చేలో కలుపు తీసే ఆడవాళ్ళు పప్పు కొనలేక ఉత్త చారు కాచుకున్నారు. అప్పుడు దిగుమతి లేకుంటే రాష్ట్రానికో ప్రభుత్వం పడిపోయేది. రైతు ఎంత పెద్ద సంఖ్యో, కొనుక్కుతినేవాళ్ళు అంతకంటే పెద్ద సంఖ్య. రైతుల్లో కూడా చాలామంది పప్పు కొనుక్కునేవాళ్ళే.

మామ: కూలోళ్ళు పప్పు తినద్దని నేను అన్లే. నన్ను అట్లాంటోణ్ణి చెయ్యద్దు నువ్వు. రెండు నూర్లకు ఎక్కినాక మేమందరం ఎగబడి కంది ఏసినాం, మర్సటేడు అది నేల మీద పడింది. అప్పుడు సుంకం ఏసినారు. ధర ఎక్కితే తలుపు బార్లా తెరుస్తారు, పడితే గడియ పెడతారు. రెండు సార్లూ మేం విత్తినాకనే చేస్తారు. నేనడిగేది ఆ వరస గురించి.

నేను: కానీ ఈసారి నీకు అనుకూలంగానే చేశారుగా? నవంబరు 1 నుంచి బఠాణీ మీద 30 శాతం సుంకం. నువ్వు సంతోషపడాలి.

మామ: మన పెద్దమ్మ మనవడు ఉండాడే, ఎనిమిదెకరాలు గుత్తకు చేస్తాడు. వాడు సెల్లులో చూసినాడు. 2026 మార్చి 31 దాకా బఠాణీకి సుంకం లేదని సర్కారే ఉత్తర్వు ఇచ్చింది. అది నమ్మి, ఈయేడు శనగకు రేటుండదని మినుము ఏసినాడు. ఏసిన పది దినాలకు, అక్టోబరు ఆఖర్లో, సుంకం పడె. నేను సెల్లు చూడల్యా, అలవాటు కొద్దీ శనగ ఏసినా. నాకు లాభం, వానికి నష్టం. సర్కారు మాట చదివినోడు చెడిపాయె, చదవనోడు బాగుపడె. నీ పిల్లకాయలకు ఇది ఎట్లా చెప్తావు క్లాసులో?

నేను ఒక బజ్జీ తుంచి నోట్లో వేసుకున్నాను. ఆ మినుము వేసిన కుర్రవాడు మా కాలేజీలోనే చదివాడు. ధరల సమాచారం చూసి పంట ఎంచుకోవాలని వాడికి పాఠం చెప్పింది నేనే.

నేను: మామా, ఇది ఒక్క వ్యవసాయ శాఖ తీసుకునే నిర్ణయం కాదు. 2023 సెప్టెంబరులో కెనడాతో మనకు పెద్ద గొడవైంది. వాళ్ళ అప్పటి ప్రధాని ట్రూడో పార్లమెంటులో మన మీద నింద వేశాడు, రెండు దేశాలూ దౌత్యాధికారులను పంపించేసుకున్నాయి. బఠాణీకి పెద్ద అమ్మకందారు కెనడానే. రాజకీయంగా అంత చెడినా మూడు నెలలకే బఠాణీకి తలుపు తెరిచాం, కెనడా ఓడలు వస్తూనే ఉన్నాయి. రష్యా కూడా పోటీకి దిగింది. ఇప్పుడు అమెరికాతో బేరం నడుస్తోంది, వాళ్ళు కూడా పప్పులు కొనమంటున్నారు. మన మద్దతు ధర లెక్కలు తప్పని 2019లోనే అమెరికా, కెనడా ప్రపంచ వాణిజ్య సంస్థలో లేవనెత్తాయి. సుంకం అంటే ఢిల్లీ చేతిలో బేరానికి పెట్టుకునే సరుకు. దాన్ని ముందే కట్టేసుకుంటే బేరమాడడానికి ఏం మిగులుతుంది?

మామ: అంటే నా చేను బేరం బల్ల మీద ఉండాది, నాకు చెప్పకుండా.

నేను: అందరివీ ఉన్నాయి. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద 50 శాతం వేస్తోంది. అందులో సగం, మనం రష్యా చమురు కొంటున్నామని. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన చమురులో రష్యాది నూటికి రెండు పాళ్ళు లేదు, తర్వాత మూడో వంతు దాటింది. చవగ్గా దొరికింది, కొన్నాం. ఆ చవక చమురు నీ ట్రాక్టరుకు కూడా ఉపయోగపడింది. దాని శిక్ష విశాఖ, భీమవరం రొయ్యల రైతు మోస్తున్నాడు. పది రోజుల కింద పుతిన్ ఢిల్లీ వచ్చి వెళ్ళాడు. నీ శనగ ఒక్కటే పక్కన కూర్చుని ఉండలేదు మామా.

మామ: మరి తలుపు ఎవరు తెరిసినారప్పా ఇదంతా లోపలికి రానికి? మనమే. నంద్యాలే. 91 నవంబరులో పీవీకి ఓటేసినా నేను. గంగుల ప్రతాపరెడ్డి సీటు ఖాళీ చేసిచ్చె, మన ఆళ్ళగడ్డ మనిషి. తెలుగోడు ప్రధానమంత్రి అయినాడని ఎన్టీఆర్ పోటీ పెట్టల్యా. ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీ. దేశంలో ఎవరికీ రాలేదన్నారు. నువ్వప్పుడు ఇంటరు. జీపు మీద ఎక్కి కేకలేస్తివి.

నేను: వేశాను. ఇప్పుడైనా వేస్తాను. ఆయన తలుపు తెరవడానికి ముందు ఇల్లు ఏ స్థితిలో ఉందో చూడు. 1990 ఆగస్టు 2న సద్దాం కువైట్ మీద పడ్డాడు. చమురు ధర పైకి పోయింది. కువైట్‌లో ఉన్న మనవాళ్ళు లక్షా డెబ్బై వేల మంది కట్టుబట్టలతో విమానాల్లో తిరిగొచ్చారు, వాళ్ళు పంపే డబ్బు ఆగిపోయింది. 91 జూన్‌కు ఖజానాలో డాలర్లు రెండు వారాల దిగుమతులకు సరిపడా ఉన్నాయి. మే నెలలో చంద్రశేఖర్ ప్రభుత్వం 20 టన్నుల బంగారం స్విస్ బ్యాంకుకు పంపింది. జులైలో రిజర్వు బ్యాంకు ఇంకో 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు పంపింది. ఆ 47 టన్నులు పెడితే పుట్టింది నలభై కోట్ల చిల్లర డాలర్లు. నువ్వు అక్టోబరులో విత్తనానికీ ఎరువుకూ అత్త గాజులు తీసుకుపోయి నంద్యాలలో పెట్టి వస్తావే, అచ్చం అదే.

మామ: గాజులు పెట్టినోణ్ణి చూసి నవ్వకూడదు. నాకు తెలుసు ఆ బాధ. బ్యాంకు మెట్లు దిగేటప్పుడు మీ అత్త చేతులు కొంగులో దాసుకుంటుంది.

అత్త లోపలినుంచి ఏమీ అనలేదు. ఆమె చేతులకు ఆ రోజు కూడా మట్టిగాజులే ఉన్నాయి. బంగారం పది గ్రాములు లక్షా పాతిక వేలు దాటిన ఈ ఏడు, పెట్టిన గాజులకు బ్యాంకు ఎక్కువ అప్పే ఇచ్చిందని మామ తర్వాత చెప్పాడు. ఎక్కువ అప్పు పుట్టినందుకు సంతోషించాలో లేదో తెలియని గొంతుతో చెప్పాడు.

నేను: జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ కోశారు. డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి వచ్చింది. ఇంకో దారి లేదు. పీవీ ఆ రెండో కోతకు ముందు వెనకాడాడని చెబుతారు. అయినా జరిగింది. ఆ రోజు జరగబట్టే ఇవాళ ఖజానాలో పదకొండు నెలల దిగుమతులకు సరిపడా నిల్వ ఉంది. తొంభై దాటినా దేశం వణకడం లేదు. తలుపులు మూసుకుని కూర్చున్న నలభై ఏళ్ళలో మనకు దక్కిందేమిటి? 1966 జూన్‌లో కూడా కోశారు, 4.76 నుంచి 7.50కి. అప్పుడు తలుపులు మూసే ఉన్నాయి. మూసినా కోత తప్పలేదు.

మామ: 66 నాకు ఎరికే. తొమ్మిదేండ్లు. బడిలో అమెరికా రవ్వ ఉప్మా పెడుతుండ్రి. పాలపొడి గట్టిగా గడ్డకట్టింటే చప్పరిస్తుంటిమి. మా నాయన అనేవాడు, ఊరోడి కూడు తిన్నోనికి ఊరోని మాట వినక తప్పదని. అందుకే నేను మూసుకోమంటా. తిండి విషయంలో ఇంగొకనికి చెయ్యి చాపకూడదు.

నేను: మీ నాయన చెప్పింది నిజం. అప్పట్లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి వదిలేవాడు, వియత్నాం మీద మన మాటలు నచ్చక. అయితే ఆ గోధుమల వెనక ఇంకో కథ ఉంది, విను. అమెరికా పీఎల్ 480 చట్టం కింద వచ్చిన ఆ గోధుమలకు మనం డాలర్లు కట్టలేదు, లేవు కాబట్టి. రూపాయల్లో కట్టాం. ఆ రూపాయలు అమెరికా పేరున ఇక్కడే గుట్టపడ్డాయి. వాటితో బయట చీపురుపుల్ల రాదు. ఏం చేసుకోవాలో తెలియక 1974 ఫిబ్రవరిలో వాళ్ళ రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కు రాసి మనకే తిరిగిచ్చేశాడు. యాభై ఏళ్ళ తర్వాత అదే తిరిగి జరిగింది. 2022 జులైలో రూపాయల్లో విదేశీ వ్యాపారం చెయ్యొచ్చని రిజర్వు బ్యాంకు అనుమతిచ్చింది. రష్యాకు చమురుకు కొంత రూపాయల్లో ఇద్దామని చూశాం. 2023 మేలో వాళ్ళ విదేశాంగ మంత్రి లావ్‌రోవ్ గోవాకొచ్చి, మీ బ్యాంకుల్లో మా రూపాయలు వందల కోట్లలో మూలుగుతున్నాయి, వాటిని వాడుకోవాలంటే ఇంకో కరెన్సీలోకి మార్చుకోవాలన్నాడు. ఇక్కడ వాళ్ళు కొనుక్కునేది అంత లేదు.

మామ: ఎందుకు కొనుక్కోరు? నా శనగ కొనుక్కోమను.

నేను: వాళ్ళే మనకు బఠాణీ అమ్ముతున్నారు మామా.

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ రోజు మొత్తానికి అదొక్కటే నవ్వు.

నేను: అదీ సంగతి. అవతలివాడికి కావలసింది మన దగ్గర ఉంటేనే మన కాగితానికి విలువ. అది సంపాదించాలంటే బయటికి అమ్మాలి. మూసుకుని కూర్చుంటే రాదు.

మామ: అమ్మనిస్తిరా మరి? 2023 జులై 20. అది కూడా నాకు గుర్తే. బియ్యం ఎగుమతి బందు. రెండెకరాల మాగాణిలో సోనా ఏసినా. కర్నూలు సోనా అంటే అమెరికాలో తెలుగోళ్ళు ఇంగో బియ్యం ముట్టరు. బందు అనంగానే మన పిల్ల ఫోన్ చేసింది, నాయనా ఇక్కడ అంగడిలో మనిషికి ఒక సంచే ఇస్తాండారు, పొద్దున్నే పోయి వరసలో నిలబడినానని. పండించేది నేను, తినేది నా కూతురు, మధ్యలో తలుపు ఏసింది ఎవరప్పా? పద్నాలుగు నెల్లు. 2024 సెప్టెంబరులో తీసినారు. తీసి కూడా టన్ను 490 డాలర్లకు తగ్గకూడదన్నారు, ఇంగొక నెలకు అది కూడా తీసేసినారు.

నేను: నువ్వే కదా మామా మూసుకోవాలని అన్నది? బియ్యం విషయానికొచ్చేసరికి తెరవమంటున్నావు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ మాటతో మామ వాదం కూలిపోయిందని నేను అనుకున్నాను. బొరుగుల గిన్నె నా వైపు జరిపాడు.

మామ: నిజమే. నేనే రెండు నాలుకలతో మాట్లాడినా. అయితే ఇంత సేపూ నేను తప్పు మాట పట్టుకోని కొట్లాడినాననుకో. తెరిసేదా మూసేదా అనేది కాదు నా కడుపులో ఉండేది. ఆ శిల్పులను చూడు. అమెరికా గుడికి విగ్రహం కావాలంటే ముందు బయానా పడాల. ఎంత ఎత్తు, ఏ రాయి, ఎన్నాళ్ళు, ఎంత. అన్నీ కాగితం మీద రాసుకున్నాకనే ఉలి పడతాడు. సగం చెక్కినాక వద్దంటే బయానా వానిదే. నేను విత్తితే నాకు బయానా ఎవరు ఇస్తాండారు?

నేను: శిల్పికి కొనేవాడు ఒక్కడు. నీకు కొనేవాళ్ళు లక్ష మంది. లక్ష మందితో ముందే ఒప్పందం ఎలా కుదురుతుంది?

మామ: లక్ష మందిని అడగల్యా నేను. సర్కారును అడుగుతాండా. సెప్టెంబరులో చెప్పండి, ఈ రబీకి శనగ మీద, బఠాణీ మీద ఇంత సుంకం, ఫిబ్రవరిలో కళ్ళం అయ్యేదాకా మార్చం అని. ఎక్కువ ఉండనీ, తక్కువ ఉండనీ, లేకపోనీ. సున్నా అని చెప్పండి, నేను జొన్న ఏసుకుంటా. మాట మార్చద్దు, అంతే.

నేను: మధ్యలో కరువొస్తే?

మామ: కరువొస్తే తెప్పించుకోండి, కూలోడు తినాల్సిందే. నాకు పోయినంత కట్టండి. అమెరికావాడు కట్టట్లేదా? మొన్న ఎనిమిదో తేదీ టీవీలో చూపించినారు. ట్రంపు వాళ్ళ రైతులను పక్కన కూచోబెట్టుకోని, మన బియ్యం వాళ్ళ దేశంలో కుమ్మరిస్తాండారని, సుంకం ఏస్తాననె. ఆ కూటంలోనే వాళ్ళ రైతులకు ఎంతో ఇస్తాననె?

నేను: 12 బిలియన్ డాలర్లు. మన లెక్కలో లక్షా ఎనిమిది వేల కోట్లు. వాళ్ళ వాణిజ్య యుద్ధంలో సోయా అమ్ముడుపోక దెబ్బతిన్న రైతులకు.

మామ: యుద్ధం మొదలుపెట్టినోడే గాయానికి కట్టు కట్టినాడు. నాకు వాడు మంచోడు కాదు, నా బియ్యం మీద పడేవాడు. అయినా ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేసినాడు.

దీనికి నేను ఖర్చుల లెక్క చెప్పబోయాను. అమెరికాలో సేద్యం చేసేవాళ్ళు నూటికి ఇద్దరు లేరు, మనకు సగం జనాభా, అంతమందికి కట్టలేమని. చెప్పాను కూడా. మామ విన్నాడు. తర్వాత కేసీ కాలువ మాటెత్తాడు. ఆ మాట ఎత్తడానికి కారణం కూడా నేనే. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు ఆ కాలువ చరిత్ర ఆయనకు నేనే చెప్పాను, విదేశీ పెట్టుబడి లేకపోతే నీ మాగాణికి నీళ్ళే లేవని వాదించడానికి. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, 1860లలో, లండన్ షేర్ల డబ్బుతో.

మామ: ఆ లండన్ వాళ్ళకు ఎంత వడ్డీ అని చెప్పినావు?

నేను: ఐదు శాతం. పది లక్షల పౌన్ల మీద సర్కారు హామీ.

మామ: నీళ్ళు పారినా పారకపోయినా?

నేను: పారినా పారకపోయినా. మొదట్లో రైతులు పెద్దగా నీళ్ళు తీసుకోలేదు. రేగడికి ఎక్కువ తడి పనికిరాదని భయం, నీటి తీరువ కట్టాలని ఇంకో భయం. కంపెనీకి రాబడి లేదు. హామీ వడ్డీ మాత్రం ఖజానా నుంచి పోయింది. 1882లో సర్కారే కాలువను కొనేసింది.

మామ: ఆ వడ్డీ రూపాయల్లోనా, పౌన్లలోనా?

ఆయన ఈ ప్రశ్న అడుగుతాడని నేను ఊహించలేదు. నిజానికి మా వాదమంతా ఇందులోనే ఉంది.

నేను: పౌన్లలో. జర్మనీ 1871 తర్వాత వెండి వదిలి బంగారానికి మారింది, అమెరికా గనుల్లో వెండి విపరీతంగా బయటపడింది. మనది వెండి రూపాయి. కంపెనీ మొదలైన నాడు రూపాయి రెండు షిల్లింగుల దగ్గర ఉండేది. కాలువ కొనేనాటికి 20 పెన్నీల దగ్గరికి దిగింది. 1893లో టంకశాలలను వెండికి మూసేసేదాకా పడుతూనే ఉంది. లండన్‌లో ఐదు పౌన్లు ఐదు పౌన్లే. ఇక్కడినుంచి పంపాల్సిన రూపాయలు పెరిగాయి. ఆ మధ్యలోనే 1876 నుంచి 78 దాకా కరువు. కర్నూలు జిల్లాలో లెక్కలేనంత మంది పోయారు. అప్పుడూ వడ్డీ ఆగలేదు.

మామ: మరి నువ్వు నాకు ఇంత సేపూ ఏం చెప్తాండావప్పా? ముందే మాట ఇచ్చేది కుదరదు, కరువు రావచ్చు, యుద్ధం రావచ్చు, బేరానికి చేతులు ఖాళీగా ఉండాల అని. షేరుదారునికి నూటయాభై ఏండ్ల కిందటే కుదిరింది. కరువులో కుదిరింది, రూపాయి పడినా కుదిరింది. సౌదీవానికి ఐదేండ్లకు కుదిరింది. ఒక్క గొర్రు తోలేవానికే కుదరదా?

నేను మాట్లాడలేదు. చెప్పడానికి పుస్తకంలో చాలా ఉన్నాయి. పెట్టుబడి పెట్టేవాడికి హామీ ఇవ్వకపోతే పెట్టుబడి రాదని ఉంది. రష్యా నిల్వలు మూడు వందల బిలియన్ డాలర్లు పశ్చిమ దేశాలు 2022లో స్తంభింపజేశాక ఏ దేశమూ ఎవరి మాటనూ పూర్తిగా నమ్మడం లేదని, అందుకే మన రిజర్వు బ్యాంకు కూడా లండన్ నుంచి వంద టన్నుల బంగారం వెనక్కి తెచ్చుకుందని ఉంది. దేశాలు కూడా మామ అడిగినదే ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. అయితే దేశాలకు బంగారం కొని దాచుకునే స్తోమతు ఉంది. మామ బంగారం నంద్యాల బ్యాంకులో ఉంది. మినుము వేసిన కుర్రవాడికి అది కూడా లేదు, వాడిది గుత్త చేను.

నేను: పెట్టుబడి తెచ్చేవాడు వద్దనుకుంటే తేకుండా ఉండగలడు మామా. అందుకే వాడికి హామీ ఇస్తారు. నువ్వు అక్టోబరులో పదునైతే విత్తకుండా ఉండలేవు. అది ఢిల్లీకి తెలుసు.

మామ: ఇప్పుడు చెప్పినావు నిజం.

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు. అత్త వచ్చి గిన్నెలు తీసుకుపోయింది. షెడ్డులో ఉలి చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

అప్పుడే మామ సెల్లు మోగింది. నంద్యాల వ్యాపారి. ఎన్నో ఏళ్ళుగా మామ సరుకు తీసుకునే మనిషే. ఫిబ్రవరి సరుకుకు ఇప్పుడే రేటు మాట్లాడుకుందామంటున్నాడు, కొంత బయానా కూడా ఇస్తానంటున్నాడు. మామ కొంచెం ముందుకు వంగి, సెల్లు మీద అరచెయ్యి అడ్డం పెట్టి నన్నడిగాడు.

మామ: ఫిబ్రవరిలో నా కళ్ళం నాటికి బఠాణీ మీద ఈ ముప్పై శాతం ఉంటుందా, తీసేస్తారా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు. ఉంటుందంటే ఇప్పుడు ఒప్పుకోను, ఆగుతా. తీసేస్తారంటే ఇప్పుడే ఖాయం చేసుకుంటా.

పన్నెండెకరాల పైరు. అత్త గాజులు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. అవతల లైన్లో వ్యాపారి హలో, హలో అంటున్నాడు.